రేవు నమూనాలో నాన్న

మొన్న మా మనవరాలు తన కంపెనీ స్టాలు చూపిస్తానని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తే, అక్కడ అద్దాల పెట్టెలో పెట్టిన రేవు నమూనా చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడలున్నాయి, క్రేన్లున్నాయి, రంగురంగుల దీపాలున్నాయి, సూట్లు వేసుకున్న బొమ్మలు చేతులు కలుపుకుంటున్నాయి. బరువు మోసేవాడు మాత్రం మచ్చుకైనా లేడు. ఆ ఓడలు వాటంతటవే ఖాళీ అవుతాయి కాబోలు!

మన రోజుల్లో, మేం బతుకుతెరువుకు పోయిన బెంగాలీల నగరంలో, భవానీపూర్‌లో మా మేనమామ నడిపిన నమూనాల కార్ఖానాలో, మనిషి బొమ్మ నిలబెట్టనిదే ఏ నమూనా గడప దాటేది కాదు. పక్కన మనిషి లేకపోతే ఓడ ఎంత పెద్దదో చూసేవాళ్ళకెలా తెలుస్తుందని ఆయన వాదన. బొమ్మలకు రంగులు వేసే పని నాది. పెళ్ళికాని పిల్ల ట్రామెక్కి పనికి పోవడమేమిటని మా వీధిలో బుగ్గలు నొక్కుకున్నవాళ్ళున్నారు, వాళ్ళ సంగతి వదిలేయండి. ఒకసారి ఒక కంపెనీవాళ్ళు ఎగ్జిబిషన్ కోసం గార్డెన్ రీచ్ రేవు నమూనా చేయమంటే, అగ్గిపుల్ల ముక్కంత బొమ్మకు గళ్ళ లుంగీ, ఎర్ర తలపాగా, వీపున బస్తా పెట్టి, అచ్చం మా నాన్నను చేశాను. నాన్న ఆ రేవులోనే బస్తాలు మోసేవాడు. సంగతి చెప్పగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమ్మను వెంటబెట్టుకుని, టిక్కెట్టు కొని మరీ చూడడానికి వచ్చాడు.

తీరా చూస్తే రేవంతా ఖాళీ! కూలీలుంటే నమూనా మురికిగా కనిపిస్తుందని కంపెనీ దొరలు ముందురోజే ఆ బొమ్మలన్నీ పీకించి, చుట్టూ పచ్చటి చెట్లు పెట్టించారట. రేవులో చెట్లేమిటి, వాళ్ళ మొహం! "కూలీలు బాగుండరు దిదీ" అని నవ్వుతూ చెప్పిన ఆ స్టాలు మనిషి చెంప పగలగొట్టాలనిపించింది. నాన్న మాత్రం అద్దానికి ముక్కు ఆనించి వెతుకుతూనే ఉన్నాడు.

"ఏటమ్మా, నానెక్కడున్నాను?"

జెట్టీ అంచున, బొమ్మ పీకిన చోట మిగిలిన జిగురు మచ్చను చూపించాను. ఆయన అద్దం మీద వేలు పెట్టి, "ఇక్కడేనేటి? మంచి సోటే యిచ్చినావు" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లారకూడదు కూడా. మొన్న మనవరాలు, ఇదంతా మెషీనే చేసింది, ఎవరి చెయ్యీ పడలేదు అని గొప్పగా చెబుతుంటే, నేను కళ్ళజోడు సర్దుకుని ఆ జెట్టీ అంచునే వెతికాను. అప్పుడు కనీసం మమ్మల్ని పీకాల్సి వచ్చేది, మచ్చయినా మిగిలేది. ఇప్పుడు అసలు పెట్టనే పెట్టరు కదా, అక్కడంతా నున్నగా ఉంది.