చిల్లు లేని స్నోర్కెల్

మీరు ఆస్ట్రేలియాలో మా మరీబా వైపు ఎప్పుడొచ్చినా సరే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు మెర్వ్ ట్రాంటర్‌ని కలవండి. కలవకుండా వెళ్ళారంటే మా ఊరు చూసినట్టే కాదు. చూడ్డానికి ఏమంత ఉండడు. పొట్టి మనిషి, పలచబడ్డ జుట్టు, మోకాళ్ళ దాకా నిక్కరు, జేబులో ఎప్పుడూ గ్రీజు మరకల గుడ్డ. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడుపుతాడు. మధ్యలో టైమంతా తన షెడ్డులోనే. కొండల్లో, వాగుల్లో తిరిగే జీపు లాంటి బండి ఎత్తు పెంచాలన్నా, ముందు ఇనప బంపర్ బిగించాలన్నా, బురదలోంచి లాగే వించ్ పెట్టాలన్నా ఊరంతా అక్కడికే వస్తుంది. "ఆ స్ప్రింగులు కొనకు, అవి మంచానికి పనికొస్తాయి" అని మొహం మీదే చెప్పేస్తాడు. కూలీ అడగడు. చల్లటి బీరు తెస్తే సంతోషం.

అతని సొంత బండి ముదురాకుపచ్చ రంగుది. జీవితమంతా ఎవరో వాడి వదిలేసిన బండ్లే నడిపిన మనిషి, మొదటిసారి షోరూం నుంచి కొత్తది తెచ్చుకున్నాడు. తెచ్చిందే తడవుగా మార్పులు మొదలు. మొరటు టైర్లు, రెండో బ్యాటరీ, కింద రాళ్ళు తగలకుండా మందపాటి రేకు, పైన సామాన్ల చట్రం. అన్నీ తనే బిగించుకున్నాడు. ఆఖరికి స్నోర్కెల్ మిగిలింది. బానెట్ పక్కనుంచి పైకప్పు దాకా నల్లటి గొట్టం ఉంటుంది చూశారా, అదే. దాంట్లోంచి ఇంజిన్ గాలి పీల్చుకుంటుంది. వాగులో నీళ్ళు బానెట్ మీదికెక్కినా ఇంజిన్‌లోకి పోవు. కాకపోతే అది పెట్టాలంటే ముందు చక్రం పైనున్న మడ్‌గార్డుకి అరచెయ్యంత చిల్లు కొయ్యాలి. కోశాక కోసినట్టే.

మెర్వ్ కాగితం నమూనా అంటించాడు. పెన్సిల్‌తో గుండ్రంగా గీశాడు. డ్రిల్లు ఎత్తాడు. కొత్త రంగు అద్దంలా మెరుస్తోంది, అందులో తన మొహమే కనబడుతోంది. డ్రిల్లు దించాడు. మళ్ళీ ఎత్తాడు. చెయ్యి రాలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, కాగితం పీకేసి, గొట్టాన్ని గట్టి జిగురుతో మడ్‌గార్డుకి అంటించేశాడు. వెనక చిల్లు లేదు. వచ్చే ఆదివారం తీసి కోస్తాలే అనుకున్నాడు.

భార్య నోలీన్ టీ తెచ్చి చూసింది. "అప్పుడే అయిపోయిందా? కోసిన చప్పుడే వినబళ్ళేదే!"

"పదునైన బ్లేడు" అన్నాడు మెర్వ్.

అబద్ధం అక్కడ మొదలైంది. ఇలాంటి బండ్లేసుకుని కొండలు తిరిగేవాళ్ళకి మా ఊళ్ళో ఓ క్లబ్బుంది, దాని పెద్ద డెలీస్ వచ్చి బండిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, "పనంటే ఇలా ఉండాలి" అని అందరికీ పంపింది. అప్పట్నించీ స్నోర్కెల్ పెట్టించుకునేవాళ్ళు మెర్వ్ షెడ్డు ముందు వరస కట్టారు. విచిత్రం ఏంటంటే, ఎదటివాళ్ళ బండి కోసేటప్పుడు అతని చెయ్యి కొంచెం కూడా వణకదు. జీనో పవెట్టో బండి మడ్‌గార్డు కోస్తున్నప్పుడు జీనో చూడలేక అటు తిరిగాడు.

"అయిందా?"

"ఎప్పుడో అయింది. ఇటు తిరగరా, పెళ్ళికూతురిలా ఆ సిగ్గేంటి?"

మామిడితోటల జీనో, మెర్వ్ చిన్నప్పట్నించీ ఒక జట్టు. తన బండి అసలు సంగతి జీనోకైనా చెబుదామని మెర్వ్ చాలాసార్లు అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా డెలీస్ ఫొటో గుర్తొచ్చేది. పోనీ గుట్టుగా కోసేద్దామంటే షెడ్డులో ఎప్పుడూ ఎవడో ఒకడు ఉండేవాడు.

ఇలా ఉండగా జీనోకి చూపు మందగించింది. కంటి మధ్యలో మసక. మళ్ళీ పరీక్షకి వెళ్తే ఇక బండి నడపొద్దంటారని అతనికి తెలుసు. ఆ లోపల ఒక్కసారి కొండల్లోని పాత తగరం గని దగ్గరికి తనే నడుపుకుంటూ వెళ్ళాలని పట్టుబట్టాడు. ఇటలీ నుంచి కొత్తగా వచ్చినప్పుడు అతని తండ్రి అక్కడే పనిచేశాడు. రొట్టెలు కాల్చుకోడానికి రాళ్ళతో ఓ పొయ్యి కట్టుకున్నాడట. అది ఇంకా నిలబడే ఉందని ఎవరో చెప్పారు. జీనో కోసమే డెలీస్ క్లబ్బు ప్రయాణం ఆ వైపు పెట్టింది. స్నోర్కెల్ ఉన్న బండ్లు మాత్రమే రావాలంది. గని ముందు వాగు ఉంది మరి.

వాగు దగ్గర మావాళ్ళకి ఓ పద్ధతుంది. ఒక మనిషి కర్ర పట్టుకుని ముందు నడిచి రావాలి. ఆ మనిషి సరే అంటే దాటతారు, వద్దంటే తిరిగిపోతారు. ఎదురు మాట్లాడ్డం ఉండదు. మా క్లబ్బులో ఆ మనిషి ఎప్పుడూ మెర్వే.

ఆ పొద్దున పైన కొండల్లో వాన పడి వాగు పెరిగింది. మొసళ్ళ భయం లేని కొండవాగే. మెర్వ్ దిగాడు. మోకాళ్ళు, తొడలు, నడుము దాటి నీళ్ళొచ్చాయి. కర్ర పొడిచిన చోటల్లా గులకరాళ్ళు గట్టిగా తగులుతున్నాయి. అవతలి ఒడ్డు వాలుగా, చక్కగా ఉంది. స్నోర్కెల్ ఉన్న బండి ఏదైనా నింపాదిగా దాటుతుంది.

ఒక్క బండి తప్ప.

చల్లటి నీళ్ళలో నిలబడి మెర్వ్ సాకులు వెతుక్కున్నాడు. కడుపునొప్పి అంటే? "తాళాలివ్వు, నీ బండి నేను దాటిస్తా" అంటుంది డెలీస్. ఇంజిన్ బాగాలేదంటే? బానెట్ ఎత్తుతారు. ఎత్తితే గొట్టం ఎక్కడికీ కలవలేదని చంటిపిల్లకి కూడా తెలిసిపోతుంది. ఒడ్డున జీనో తన బండి ముందు నీళ్ళు ఆపే పట్టా అప్పుడే కట్టేసుకున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు.

మెర్వ్ వెనక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "అడుగు మెత్తగా ఉంది. అవతల పెద్ద గుంట పడింది. కుదరదు."

"ఖాయమా?" అంది డెలీస్. "ఇక్కణ్ణించి బాగానే కనబడుతోందే."

"నడిచింది నేనా, నువ్వా?"

మెర్వ్ అలా కసురుకోవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. జీనో అప్పటికే పట్టా ముళ్ళు విప్పడం మొదలెట్టాడు.

"మెర్వ్ వద్దన్నాడంటే వద్దు. మా నాన్న పొయ్యి ఎక్కడికీ పారిపోదులే."

బండి తిప్పుకునేటప్పుడు జీనోకి గట్టు అంచు ఆనలేదు. చక్రం బురదలోకి జారింది. చూద్దామని దిగి, తనూ కాలుజారి బోర్లా పడ్డాడు. లేచేసరికి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా జీనోనే నవ్వాడు. మెర్వ్ వించ్ తీగ తగిలించి అతని బండిని బయటికి లాగాడు.

"నువ్వు లేకపోతే నా గతేంట్రా!" అన్నాడు జీనో, బురద చేత్తో భుజం తట్టి. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తాడా అని చూశాడు మెర్వ్.

దారిలో టీ కోసం ఆగబోతుండగా వెనకనుంచి తుప్పు పట్టిన బండొకటి వచ్చింది. గని అవతల పశువులు మేపుకునే ఆవిడది. బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియోలో ఆవిడ గొంతు అన్ని బండ్లలోనూ మోగింది. "ఏమయ్యా, వాగు దగ్గర మీ టైరు గుర్తులు చూశాను. వెనక్కి తిరిగారెందుకు?"

"అడుగు మెత్తబడిందని" అంది డెలీస్.

"మెత్తబడ్డమా? సిమెంటు రోడ్డులా ఉంది! నీళ్ళు కాస్త ఎక్కువ, అంతేగా."

మెర్వ్ చేతిలో రేడియో మైకు ఉంది. వేలు బటన్ మీదే ఉంది. చెవులు కాలిపోతున్నాయి. నొక్కితే చాలు.

ముందుగా జీనో నొక్కాడు. "అమ్మా, మీకది రోజూ నడిచే దారి. మా మెర్వ్ ఇంతమంది ప్రాణాలు చూసుకోవాలి. అతను వద్దంటే కారణం ఉంటుంది."

మెర్వ్ మైకుని దాని కొక్కేనికి తగిలించేశాడు. ఇల్లు చేరేదాకా పాటలు కూడా పెట్టుకోలేదు.

ఆ ఆదివారం షెడ్డు తలుపు లోపల్నుంచి గడియ పెట్టి, జిగురు గీకి, గొట్టం ఊడదీసి, మడ్‌గార్డు కోశాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. గుండ్రటి ముక్క కింద పడి కాసేపు తిరిగి ఆగింది. ఇంత చిన్న పనికా నేనంత పని చేశాను అనుకున్నాడు. కోసినందుకు మనసు తేలికపడుతుందనుకున్నాడు గానీ ఇంకా బరువెక్కింది.

ప్రతి ప్రయాణం తర్వాతా మా క్లబ్బులో సాసేజీలు కాల్చుకుంటాం. అందరికంటే తెలివితక్కువ పని చేసినవాళ్ళ మెడలో పాత టాయిలెట్ సీటు వేస్తాం. దండలా. కిందటిసారి వేసుకున్నవాళ్ళే ఈసారి వాళ్ళకి వెయ్యాలి. కిందటిసారి బండి మీద కెటిల్ మర్చిపోయి మైళ్ళకొద్దీ నడిపినందుకు అది మెర్వ్‌కి దక్కింది. ఈసారి ఎవరికన్న ప్రశ్నే రాలేదు.

"బురద పంది!" అని కేకలు. "జీనో! జీనో!"

జీనో నవ్వుతూ తల వంచి నిలబడ్డాడు. మెర్వ్ సీటు పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. అది ఎవరి మెడలో పడాలో అక్కడున్నవాళ్ళందరిలో అతనొక్కడికే తెలుసు. తన మెడలో తనే వేసుకుని, ఎందుకో చెప్పేస్తే పోయేది. నోరు తెరిచాడు కూడా.

"వెయ్యరా, మెడ నొప్పెడుతోంది" అన్నాడు జీనో.

వేశాడు.

చప్పట్లు ఆగాక జీనో గొంతు సవరించుకున్నాడు. "ఇదే నా ఆఖరి బహుమతి. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పేశాడు." నవ్వులు ఆగిపోయాయి. "ఆ మొహాలేంటర్రా? వాగు తగ్గాక మెర్వ్ పక్కన కూర్చుని వెళ్తా. పొయ్యి నాకు మసగ్గా కనబడితే వాడు చూసి చెప్తాడు. ఏరా, తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తా" అన్నాడు మెర్వ్.

జీనో ఆ సీటు మెడలో పెట్టుకునే బ్రెడ్డు, ఉల్లిపాయలు, సాసేజీ తింటూ కూర్చున్నాడు. మెర్వ్ పక్కనే కూర్చున్నాడు. చెబితే తన బరువు దిగుతుంది. కానీ సొంత చేతుల్తో నడుపుకుంటూ వెళ్ళే ఆ ఒక్క అవకాశం పోయింది మెర్వ్ వల్లే అని జీనోకి తెలుస్తుంది. తెలిసినా అది తిరిగి రాదు. చెప్పకపోతే, తండ్రి పొయ్యి దాకా దారంతా జీనో తనని పొగుడుతూనే ఉంటాడు.

మెర్వ్ జీనోకి ఇప్పటికీ చెప్పలేదు. సీటు మీ చేతిలో ఉండి, అలాంటి స్నేహితుడు మీ ముందు నవ్వుతూ తల వంచి ఉంటే, మీరైతే ఏం చేసేవాళ్ళు?