గుండీగాడి మర్యాద

మా పిన్ని ఆడవాళ్లకు బట్టలు కుడుతుంది. పనితనం గొప్పది, నోరు అంతకన్నా పెద్దది. ఆవిడ పెంచుకునే కుక్క గుండీగాడికి మాత్రం ఆ నోరంటే లెక్కే లేదు. కొలతలకని ఎవరు చేతులెత్తినా ఎగిరి మీద పడేవాడు.

"ఛీ వెధవా, దిగు! మర్యాద లేదూ?" అని తిడుతూనే పిన్ని వాణ్ణి ఎత్తుకునేది. వాడికి కావలసిందీ అదే.

చూడలేక ఓ రోజు అడిగాను. "పిన్నీ, పొద్దున్నే వీణ్ణెలా పిలుస్తావ్?"

"ఎలా ఏంటే, ఇలాగే! రారా నా బంగారం!" అని రెండు చేతులూ ఎత్తింది. గుండీగాడు ఒక్క గెంతులో ఆవిడ మీదున్నాడు. పిన్ని నాలుక కరుచుకుంది.

అప్పట్నుంచి వాడు ఎగిరితే పిన్ని తిట్టదు, వీపు తిప్పేస్తుంది. బుద్ధిగా కూర్చున్నాకే తల నిమురుతుంది. కొన్నాళ్లకు వాడు దారికొచ్చాడు.

నిన్న బాబాయి గుమ్మంలోంచే కేకేశాడు. "ఏమేవ్, టీ ఏదీ?"

పిన్ని మిషను ముందు నుంచి లేచి, మెల్లగా వీపు తిప్పింది.

"నిన్నే! చెవుడా?"

గుండీగాడు బాబాయి కేసి జాలిగా చూశాడు. తర్వాత ఆయన కాళ్ల ముందుకెళ్లి, ఎలా కూర్చోవాలో నేర్పుతున్నట్టు, బుద్ధిగా కూర్చున్నాడు.