రోసీ కంటికి మూరెడు దూరం

2023, ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం. కోయంబత్తూరులో గాలి దుమ్ము లేపుతున్న రోజులు. నేను ఒక తమిళ దినపత్రికలో ఇరవై ఆరేళ్లు ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి బయటికొచ్చి అప్పటికి రెండేళ్లయింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి ఎస్తేరు నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మా వెనక వీధిలో వరసగా కట్టిన లైన్ ఇళ్లలో ఉంటుంది. ఇద్దరి ఇళ్లలోనూ మాట్లాడేది తెలుగే, బడిలో చదువుకున్నది తమిళం.

“అన్నా, మా రోసీని ఒక ఫోటో తియ్యాల,” అంది.

రోసీ అంటే వాళ్ల పిల్లి. ఇంకో పిల్లితో కొట్లాడి కుడికన్ను మీద గోటి దెబ్బ తిన్నది. ఇక్కడి డాక్టరు చూసి, పుండు లోతుగా ఉందేమోనని అనుమానంగా ఉంది, సోమవారం కన్ను తీసేద్దాం అన్నాడట. మదురైలో జంతువుల కళ్లు చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని ఎవరో చెప్పారు. స్పష్టమైన ఫోటో పంపితే చూసి చెబుతానని ఆమె ఒప్పుకుంది.

“అక్కడికే తీసుకుపోవచ్చు కదా?”

“ఆటో ఎక్కితేనే కక్కుతాది. అయిదు గంటలు బస్సులో ఎట్ల పోయేది? ఫోన్లో తీస్తే ముక్కు ఇంత లావు వస్తా ఉండాది, కన్ను మసక.”

ఫోన్ తప్పేమీ లేదు. వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు చూసే లెన్స్, దగ్గరికి తీసుకెళితే ముందున్నది ఉబ్బుతుంది. పిల్లికి ముందున్నది ముక్కే.

ఇంత తెలిసినవాణ్ని నేను చేసిందేమిటంటే, ఆ సాయంత్రం అలవాటు కొద్దీ నా వైడ్ జూమ్‌నే తీసుకెళ్లాను. పత్రికలో మాకు ముందు నేర్పేది అదే, వైడ్ లెన్స్ వేసుకుని జనంలోకి చొరబడి తీయడం. మంత్రులు ఓర్చుకున్నారు. రోసీ ఓర్చుకోలేదు. లెన్స్ జానెడు దూరానికి రాగానే బీరువా ఎక్కి కూర్చుంది.

ఎస్తేరు అత్తగారు మంచం మీద కూర్చుని చూస్తోంది. “ఏం తంబీ, పేపర్లో పని చేసినావంట. ఇట్లేనా అందరి మూతి మీదికీ పోతా ఉంటివి?”

ఇంటికి పోయి రెండు లెన్సులు తెచ్చాను. పొడుగు జూమ్‌కి మినిమమ్ ఫోకస్ దూరం, అంటే అంతకంటే దగ్గరైతే బొమ్మ స్పష్టంగా రాని హద్దు, నాలుగడుగులు. అంత దూరం నుంచి పిల్లి మొత్తం అందంగానే వస్తుంది, కన్ను మాత్రం మినపగింజంత. చివరికి వంద మిల్లీమీటర్ల మాక్రో బిగించాను. చిన్నవాటిని పెద్దగా చూపించే లెన్స్ అది. మూరెడు దూరం నుంచే కన్ను ఫ్రేములో సగం నిండుతుంది. ఆ మూరెడూ రోసీ ఒప్పుకుంది. దిగొచ్చి అత్తగారి ఒళ్లో పడుకుంది. గుమ్మం వెలుగులో, మీసాల నుంచి కంటి దాకా అన్నీ స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ పదకొండుకి తగ్గించి తీశాను.

ఫోటో చూసుకుని నాకే ముచ్చటేసింది. రోసీ సూటిగా నావైపు చూస్తోంది. కంట్లో తెల్లగా వెలుగు చుక్క. క్యాచ్‌లైట్ అంటాం దాన్ని. అది లేకపోతే కన్ను చచ్చినట్టు ఉంటుందని మా ఎడిటర్ ఎన్ని ఫోటోలు తిప్పి పంపాడో. మదురైకి పంపించాను.

అరగంటలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆమెదీ తెలుగు ఇల్లే.

“సార్, ఫోటో చాలా బాగుంది. పుండు ఎక్కడ?”

“కుడికన్ను, మధ్యలో.”

“మధ్యలో మీ గుమ్మం ఉంది సార్. తలుపు రెక్కలు కూడా లెక్కపెట్టొచ్చు.”

మళ్లీ చూశాను. నేను మురిసిపోయిన వెలుగు చుక్క గుమ్మం ప్రతిబింబమే. అది సరిగ్గా దెబ్బ మీదే కూర్చుంది.

“ముందు నుంచి వద్దు, పక్క నుంచి తీయండి. పిల్లి కంటి ముందు భాగం గాజుబుడ్డిలా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ వంపులో గుంట పడిందా లేదా నాకు కనిపించాలి. గుంట ఉంటే కన్ను తీసేయక తప్పదు. లేకపోతే చుక్కల మందుతో మానుతుంది.”

శనివారం ఉదయం మళ్లీ వెళ్లాను. వంపు గీత కనపడాలంటే వెనక నల్లగా ఉండాలి. నల్ల గొడుగు తెరిచానో లేదో రోసీ మళ్లీ బీరువా మీదికి. గొడుగు మూసేశాను. ఎస్తేరు తన నల్ల పావడ ఒకటి కుర్చీ వీపుకి వేలాడదీసి, రోసీని దింపి దాని ముందు కూర్చోబెట్టింది. చోటు కుదిరింది కానీ రోసీ తల కుదరడం లేదు. ఎటునుంచి కెమెరా పెడితే అటే తిరుగుతుంది. ఎస్తేరు పట్టుకోబోతే గీరింది.

“విడిచిపెట్టు. సోమవారం కన్ను పోతే పోనీ, ఇప్పుడు నీ చెయ్యి పోతాది,” అంది అత్తగారు. ఎస్తేరు గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ముసలామె గొంతు తగ్గించింది. “కొంజెం ఉండు తంబీ. పది గంటలకి చేపలాయన వస్తాడు. హారన్ కొడితే ఇది వీధికి మొగం పెట్టి బొమ్మ మాదిరి నిలుస్తాది. ఆయన కొలిచి ఇచ్చేదాకా అట్లే.”

కుర్చీని గుమ్మానికి అడ్డంగా జరిపాం. నేను నేలమీద పక్కకు కూర్చుని, మూరెడు దూరానికి ఫోకస్ బిగించి కాచుకున్నాను. పదీ పదికి సందు మలుపులో మోపెడ్ హారన్ మోగింది. రోసీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. తల వీధివైపు తిరిగి ఆగిపోయింది. నల్ల పావడ ముందు ఆ కంటి వంపు సన్నని గాజు అంచులా మెరిసింది. చేపలాయన మత్తి చేపలు తూచి ఇచ్చేలోపు పదకొండు ఫోటోలు తీశాను.

వాటిలో అందమైనది ఒక్కటీ లేదు. ఫ్రేము అంచున సగం మూతి తెగిపోయింది, కంట్లో వెలుగు చుక్క లేదు. అవే పంపాను. మధ్యాహ్నం డాక్టరమ్మ నుంచి మెసేజ్ వచ్చింది: “వంపు చెక్కు చెదరలేదు. గోటి గీత పైపైనే ఉంది. సోమవారం ఆపరేషన్ వద్దని ఆ డాక్టరుతో నేనే మాట్లాడతాను.”

ఎస్తేరు ఆ మాట నాచేత రెండుసార్లు చదివించుకుంది. అత్తగారు ఆ పూట రోసీకి రెండు చేపలు వేసింది.

మూడు వారాల చుక్కల మందు తర్వాత ఆ కంటిలో చిన్న తెల్లమచ్చ మిగిలింది, చూపు దక్కింది.

పిల్లుల్ని దగ్గరగా తీయాలి, ఏ లెన్స్ కొనాలని కుర్రకారు నన్ను అడుగుతుంటారు. ఆ ఫోటో ఎవరు చూస్తారు, దాంట్లో వాళ్లు ఏం వెతుకుతారు అని ఎదురడుగుతాను. తప్పించుకుంటున్నానని కొందరు విసుక్కుంటారు. నిజానికి ఇరవై ఆరేళ్ల సర్వీసులో నాకు నేను ఒక్కసారైనా ఆ ప్రశ్న వేసుకోలేదు.