విదియ దాకా ఆగిన ప్రయాణం

మా నాన్న కొబ్బరి చిప్పలతో ఊళ్ళు కట్టేవాడు. మలాయి దేశంలోని సుంగై సుమున్ కొబ్బరి తోటలో ఆయన లారీ డ్రైవరు. ఇంటి అరుగు మీద చిప్పలు బోర్లించి, ఇది తెలుక్ అన్సన్‌లో ఒరిగిపోయిన గడియారం బురుజు, ఇది కౌలాలంపూర్ రైలు స్టేషను, ఇది క్లాంగులో పాత రాజుగారి కోట అంటూ మేం అద్దె కారులో వెళ్ళబోయే దారి చూపించేవాడు. అన్నిటికన్నా ఆయనకి ముద్దు కౌలా సెలంగోర్ కొండ. దాని మీద పాత ఫిరంగులూ లైటుహౌసూ ఉన్నాయట. రంజాను నెలకి ముందు మలాయి ముస్లిం పెద్దలు అక్కడికెక్కి నెలవంక కోసం చూస్తారట.

నాకు ఆ చిప్పలన్నీ కాలితో తన్నాలనిపించేది. మేం వెళ్తున్నది బురుజులు చూడ్డానికా? ఆ కొండ దగ్గరి రబ్బరు తోటలో మా పెద్దమ్మ ఉండేది. అమ్మకి తోడబుట్టిన అక్క. కూలిపనికొచ్చి ఓడ దిగిన రోజునే ఇద్దర్నీ చెరో తోటకి పంపేశారు. మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇప్పుడు రబ్బరు ధర పడిపోయి కూలీలను మన దేశానికి తిప్పి పంపేస్తున్నారు. పెద్దమ్మ పేరు కూడా పిలిచారనీ, అమావాస్య వెళ్ళాక ఏ రోజైనా ఓడెక్కిస్తారనీ అటునుంచి వచ్చిన మనిషి చెప్పిపోయాడు.

అద్దె కారున్న అరవ మామ అమావాస్యనాడే బయలుదేరదామన్నాడు. "మాకు అమావాసై మంచి దినం. తెల్లారి ఎక్కితే సాయంత్రానికి అక్క ముందుంటారు."

నాయనమ్మ వక్క నమలడం ఆపేసింది. "అమాసనాడు గడప దాటతారేటి? పాడ్యమి అంతకన్నా పాడు. విదియనాడు ఎల్లండి."

"ఎల్దామే అమ్మా! ఓడ మన విదియ కోసం ఆగుద్దేటి?" అన్నాను.

అమ్మకి నాకన్నా తొందర. అయినా తల అడ్డంగా ఊపింది. "అక్క సముద్దరం దాటాల. అమాసనాడు ఎల్లి దానికి కీడు తెచ్చిపెట్టమంటావేటి?"

ఆవిడ మనసులో ఇంకోటి కూడా ఉంది. చంద్రుడికో నూలుపోగు అని మనం మాటవరసకి అంటాం. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ విదియనాడు నిజంగానే బట్టలోంచి పోగు లాగి నెలవంకకి ఇచ్చేవారట. ఆ వెంటనే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారట. చంద్రుణ్ణి చూశాక ఎవరి ముఖం చూస్తే ఆ నెలంతా వాళ్ళ చలవే. అక్కని ఆ కొండెక్కించి ఇంకొక్కసారి అలా చూసుకోవాలని అమ్మ ఆశ.

ఆ రెండు రోజులూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అమ్మ జంతికలు వండి డబ్బాలో పోసి, ఊరికే మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. నాన్న అరుగు మీద ఇంకో చిప్ప చేర్చాడు. ఉడుకుమోత్తనం ఆగక దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను.

విదియనాడు తెల్లారగట్ల బయలుదేరాం. బురుజు దగ్గర నాన్న కారు ఆపించి, "ఓపాలి దిగి సూడండి" అన్నాడు.

"మీ బురుజు ఒరిగితే ఒరిగింది, పోనీయండి" అంది అమ్మ, కారులోంచి కదలకుండా.

పొద్దు వాలుతుండగా పెద్దమ్మ వాళ్ళ తోట చేరాం. ఆవిడ గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఏమీ లేదు. పక్కగది ముసలమ్మ బయటికొచ్చి, "నిన్న పొద్దున్నే లారీ ఎక్కించేసినారమ్మా. ఈయాల మజ్జాన్నం ఓడ" అంది.

అమావాస్యనాడు బయలుదేరి ఉంటే పెద్దమ్మ దొరికేది. అరవ మామ ఆ మాట అనలేదు, అది ఆయన మంచితనం. నాకు మాత్రం తిథుల మీదా నాయనమ్మ మీదా ఒళ్ళు మండిపోయింది. నాన్న వెనక్కి తిరుగుదామన్నాడు. అమ్మే ఒప్పుకోలేదు.

"కొండకి పోనీయండి" అంది.

కొండ మీద తెల్ల టోపీల పెద్దలు పడమటికి తిరిగి నిలబడ్డారు. దూరంగా సముద్రం మీద ఒక ఓడ పొగ కదులుతోంది. అది పెద్దమ్మ ఎక్కిన ఓడో కాదో మాలో ఎవరికీ తెలియదు. ఒక పెద్దాయన వేలు చూపించాడు. సన్నగా, గోటి గీతలా నెలవంక. అమ్మ పమిట చెంగులోంచి పోగు లాగి గాలికి వదిలింది. వెంటనే కళ్ళు మూసేసుకుంది.

నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "అమ్మా, నా ముఖం సూడే."

"వద్దమ్మా. ఈ నెల మా అక్కది" అంది.

నా భుజం పట్టుకుని, కళ్ళు మూసుకునే కొండ దిగింది.