పాప తల మీద వేసిన చెయ్యి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కలకత్తా ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో పుట్టి పెరిగాను. డాక్‌లో క్రేను కింద నలిగిపోయిన మనుషుల్ని గుడ్డలో చుట్టి మా వీధికి తేవడం చిన్నప్పటినుంచీ చూశాను. వాళ్ళలో ఒక్కడూ తిరిగొచ్చి ఎవర్నీ పలకరించలేదు. అందుకని ఇది నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది చెబుతాను, అంతే.

ఎర్రజెండాల వాళ్ళ పాలన రోజులు. నా మొదటి కానుపు సరిగ్గా ఊరంతా బంద్ ఉన్న రోజున వచ్చింది. నొప్పులు పడీ పడీ నాకు ఓపిక అయిపోయింది. బిడ్డ గుండె నెమ్మదిస్తోందని డాక్టరమ్మ కంగారుపడింది. చిన్న ఇనప గిన్నెలాంటిది బిడ్డ నడినెత్తికి ఆనించి, పంపుతో గాలి తీసేసి, గొలుసు పట్టుకుని లాగింది. బిడ్డతోపాటు నేనూ బల్ల మీద కిందికి జారిపోయాను. ఇద్దరు నర్సులు నా భుజాలు పట్టి ఆపారు. గిన్నె ఒకసారి ఊడిపోయి నెత్తురు చిమ్మింది. మళ్ళీ పెట్టి లాగింది. అంత మోటుగా పుట్టింది నా కూతురు. కానీ ప్రాణాలతో పుట్టింది, ఆ మాట కూడా చెప్పాలి.

పాప తల సొరకాయలా సాగిపోయి ఉంది. గిన్నె అంచు పడినచోట గుండ్రంగా కమిలిపోయింది. మొదటి వాపు తొందరగానే తగ్గింది గాని, ఒక పక్కన మెత్తటి బొప్పి మిగిలింది. లోపల నెత్తురు గూడు కట్టిందనీ, దానంతటదే కరుగుతుందనీ, ఎవరూ ముట్టుకోవద్దనీ, ఒళ్ళు పచ్చబడితే వెంటనే తీసుకురమ్మనీ డాక్టరమ్మ బెంగాలీలో చెప్పింది. మా అమ్మ బుద్ధిగా తలూపింది.

అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. పసిపిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు నూనె చేత్తో తల ఒత్తి గుండ్రంగా చేయడం వాళ్ళ ఆనవాయితీ. మా వీధిలో సగం తలలు అమ్మ చేతిలో తయారైనవే. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"డాకటేరుకేటి తెల్సే? ఆడపిల్ల. ఈ తలతో రేపు దీన్ని ఎవులు సూస్తారు? నీ తలా నానే సరిసేసినాను" అంది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఒకరోజు, పట్టపగలు. నేను కుట్లతో మంచం మీద ఉన్నాను. పక్కకి తిరగాలన్నా ఎవరో ఒకరు పట్టాలి. అమ్మ నా ఎదురుగా పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. పక్కింటి బెంగాలీ ఆవిడ, మేము బౌది, అంటే వదిన, అని పిలుస్తాం, నీళ్ళు అందిస్తోంది. అమ్మ అరచెయ్యి బొప్పి మీద ఆనించి ఒత్తింది. పాప కేక పెట్టింది. తర్వాత ఏడుపు ఆగిపోయి, నోరు మాత్రం తెరుచుకుని ఉండిపోయింది. అమ్మ ఇంకా ఒత్తుతూనే ఉంది. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది నాకు. కన్నతల్లి కదా అని కూడా అనిపించలేదు.

అప్పుడే అమ్మ చెయ్యి పైకి లేచింది. ఆవిడ లేపలేదు. ఎవరో గుంజినట్టు చెయ్యి ముందుకి సాగిపోయింది. ఆ వెనకే మనిషంతా పీట మీంచి లేచి, తడి నేల మీద ఈడ్చుకుపోయి గోడకి కొట్టుకుంది. జారిపోతున్న పాపని బౌది చెంబు వదిలేసి అందుకుంది. ఎముక విరిగిన చప్పుడు మంచం దాకా వినిపించింది. ముంజేతి చర్మం చీల్చుకుని ఎముక తెల్లగా బయటికొచ్చింది. గోడంతా నెత్తురు.

అమ్మ అరచేతి మధ్యలో చర్మం గుండ్రంగా ఉబ్బి, నల్లగా కమిలి ఉంది. పాప తల మీద గిన్నె పెట్టిన మచ్చా సరిగ్గా అంతే ఉంది. అమ్మని ఎవరూ ముట్టుకోలేదని బౌది ఎవరడిగినా ఒట్టు వేసి చెప్పేది.

ఇద్దర్నీ ఒకే టాక్సీలో ఆస్పత్రికి పంపాం. బొప్పిలో మళ్ళీ నెత్తురు ఊరుతోందనీ, ఇంకాస్త ఒత్తి ఉంటే బిడ్డ దక్కేది కాదనీ డాక్టరమ్మ తిట్టిపోసిందట. పసిబిడ్డ ఒంట్లో ఉండే రక్తమే గ్లాసెడట. పాప కామెర్లతో పచ్చబడి, కొన్నాళ్ళు ఆస్పత్రిలో నీలం లైటు కింద ఉండి, ఇంటికొచ్చింది. బొప్పి దానంతటదే కరిగిపోయింది.

అమ్మ కట్టుతో ఇంటికొచ్చి మొదట నన్నే అడిగింది.

"నన్నెందుకు లాగీసినావే?"

నేను మంచం దిగలేదని బౌది చెప్పింది. ఒక్క కుట్టు కూడా తెగలేదని నేను చూపించాను. అమ్మ నమ్మలేదు.

ఆ లాగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మకి మాత్రం ఏ సందేహమూ లేదు. పోయేదాకా నేను వండింది తినేది, నాతో బాగానే మాట్లాడేది. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసేసుకునేది.