ఎత్తిన బంతి ఎవరి లెక్క

మా డిగ్రీ కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు స్కోరు పుస్తకం రాసే పని నా నెత్తిన పడటానికి కారణం నా చేతిరాత. గని ఆఫీసులో షిఫ్టు రిపోర్టులు రాసే గుమాస్తాను నేను. ఆదివారాలు ఖాళీగా ఉంటే అబద్ధాలు పుట్టిస్తున్నానని మా ఆవిడే నన్ను కాలేజీ పీడీ సారుకు అప్పగించింది.

ఆటలు నేర్పే ఆ సారుకు ఒక సిస్టం ఉంది. నిద్రలో కూడా ఆ మాటే కలవరిస్తాడని నా అనుమానం. బంతి ఎటు నుంచి వచ్చినా మా లిఫ్టర్ దాన్ని ఎడమ చివరకే ఎత్తాలి. అక్కడున్న పొడుగమ్మాయి ఎగిరి కొడుతుంది. సిస్టం అంతే. దీన్ని కనిపెట్టడానికి ఆయనకు ఇరవై ఏళ్ల సర్వీసు పట్టింది.

పుస్తకంలో పొడుగమ్మాయి గడి చీమల బారులా నిండిపోయేది. ఆమె కొట్టిన బంతి ఊరవతల నస్పూర్‌లో పడిందని హోటల్లో నేనే ఒక మాట వదిలాను. రెండు రోజులకు అది నా దగ్గరికే తిరిగొచ్చింది. ఈసారి ఇంకా దూరంగా శ్రీరాంపూర్‌లో పడిందట, అక్కడ ఒకరి గేదె బెదిరిందట. పీడీ సారు ఆ గేదెను కూడా తన సిస్టం ఖాతాలోనే వేసుకున్నాడు.

లిఫ్టర్ మా చెల్లె కూతురు, నాకు మేనకోడలు. కొట్టేవాళ్ల చేతికి సరిగ్గా అందేలా నెట్ పక్కన బంతిని గాల్లోకి లేపడమే ఆమె పని. యూనివర్సిటీ జట్టులో ఆడితే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ విద్య సీటు వస్తుంది. ఆమెకున్న ఆశ అదొక్కటే. మా చెల్లె ఈ ఏడు దాకానే గడువిచ్చింది. తర్వాత బట్టల షాపులో కౌంటరు. ఆ జట్టు ఎంపిక పోటీలకు కాలేజీ నుంచి రెండు పేర్లే పంపాలి. ఎక్కువ పాయింట్లున్న ఇద్దరినీ పంపుతానని సారు ముందే చెప్పాడు.

ఒక సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చింది.

"మామ, నీ బుక్కుల నా పేరెన్నిసార్లున్నది?"

"మొదటి పేజీల ఉన్నది గదా, జట్టు లిస్టుల."

"తర్వాత?"

"ఒకపాలి నెట్ ముట్టుకొని పాయింటు పోగొట్టినవు. గది రాసిన."

"మస్తు రాసినవ్ మామ. సన్మానం చెయ్యాలె నీకు."

నాకు వేరే రకంగా రాయడం తెలియదు. గని రిపోర్టులోనూ అంతే. ఎంత బొగ్గు పైకొచ్చిందో, ఏ యంత్రం తెచ్చిందో రాస్తాం. కప్పు కూలకుండా ఊతం పెట్టినవాళ్ల గురించి రాయం. కూలితే మాత్రం రాస్తాం, వివరంగా.

తర్వాతి ఆట బెల్లంపల్లి నుంచి వచ్చిన జట్టుతో. మా సిస్టం అప్పటికి జిల్లా అంతా తెలిసిందే కాబట్టి వాళ్లు ముగ్గురిని పొడుగమ్మాయి ఎదుట గోడలా నిలబెట్టారు. మా కోడలు బంతిని కుడి చివరకు ఎత్తింది. అక్కడున్న పొట్టి పిల్లను ఆరుగురి లెక్క సరిపోవడానికి తీసుకున్నారు. బంతి మీదికొస్తే కళ్లు మూసుకునే రకం. కళ్లు మూసుకునే అవతలికి తోసింది. అటువైపు ఎవరూ లేరు. పాయింటు. మళ్లీ అటే ఎత్తింది, మళ్లీ పాయింటు.

"గటు కాదు, గిటు ఎత్తు," అని సారు గీత పక్కన అరుస్తూనే ఉన్నాడు. ఆయన గొంతు పోయే సమయానికి మేము గెలిచాం.

ఇప్పుడు ఎవరి వల్ల ఎవరికి పాయింట్లు వస్తున్నాయో గుడ్డివాడికైనా అర్థమవుతుందని మా కోడలు అనుకుంది. పీడీ సారు పుస్తకం చూశాడు. పొట్టి పిల్ల గడి నిండి ఉంది. ఆయన కళ్లు మెరిశాయి.

"చూసినవా అన్న, ఇంకో పిడుగు దొరికింది. సిస్టం గట్లనే పనిచేస్తది."

పొడుగు, పొట్టి, రెండు పేర్లూ ఖాయమయ్యాయి. నేను ఇంటికెళ్లి పాత పేజీలన్నీ తీసి, ప్రతి పాయింటు పక్కన ఎత్తినామె పేరు రాశాను. మర్నాడు సారు ముందు పెట్టాను.

"జిందగీల ఒక్కటన్న నిజం చెప్పినవా అన్న నువ్వు?"

"గిదే మొదటిది సార్."

"గందుకే నమ్మబుద్ధైతలేదు."

ఎంపిక పోటీలు గోదావరిఖని గ్రౌండ్‌లో పెట్టారు. మా కోడలు లేకుండా పోవాలంటే భయమని పొడుగమ్మాయి ఆమెను వెంట లాక్కొచ్చింది. పీడీ సారు వెంట నేను కూడా వెళ్లాను. అక్కడ చూడాలి వైభోగం. ప్రతి కాలేజీ తన స్కోరు పుస్తకం చూసుకుని తన పిడుగులనే పంపింది. అందరూ ఆరడుగులవాళ్లే అంటే మీరు నమ్మరు, మన పొట్టి పిల్లను వదిలేద్దాం. అందరూ నెట్ దగ్గర చేతులు ఊపుకుంటూ బంతి లేచేదాకా చూస్తున్నారు. బంతి లేవలేదు.

"లిఫ్టర్ ఎవరమ్మా?" అన్నాడు ఎంపిక చేసే పెద్దమనిషి.

పిడుగులన్నీ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. ఒకామె ముందుకొచ్చి ఎత్తితే బంతి వెళ్లి వాటర్ క్యాన్ మీద పడింది. ఇంకొకామె ఎత్తింది ఎవరికీ అందలేదు. మా పొడుగమ్మాయి రెండుసార్లు ఎగిరి రెండుసార్లూ గాలినే కొట్టింది. దిగి వచ్చి, మా కోడలిని చెయ్యి పట్టి లోపలికి గుంజింది.

"నాకెత్తేది గీమెనే సార్. గీమె లేకుంటె నేను ఉత్త పొడుగుదాన్ని."

పెద్దమనిషి బంతి విసిరాడు. మా కోడలు పట్టుకుంది.

"ఎత్తమ్మా."

ఆమె ఎత్తలేదు. బంతిని చంకలో పెట్టుకుని ఆయన చేతిలోని కాగితం వైపు చూసింది.

"గా కాయితంల నా పేరు లేదు సార్. ముందు రాయుండ్రి, తర్వాత ఎత్తుత."

ఆయన పీడీ సారు వైపు చూశాడు. పీడీ సారు నా వైపు చూశాడు, ఈ మాట నేనే నేర్పానన్నట్టు. నేర్పలేదు. నాకంత తెలివి ఉంటే మొదటి రోజే రాసేవాణ్ణి. పిడుగులందరూ నడుము మీద చేతులు పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. పెద్దమనిషి జేబు తడుముకుని పెన్ను తీసి, ఆమె ఇంటిపేరుతో సహా అడిగి రాసేదాకా బంతి ఆమె చంకలోనే ఉంది.