ఊపిరి బిగబట్టే దీదీ

మా తాత కళింగపట్నం తీరాన పది నావల యజమాని. నాన్న అండమాన్‌కొచ్చి బాంబూఫ్లాట్‌లో కులపెద్ద అయ్యాడు. నేను మాత్రం పోర్ట్ బ్లెయిర్ ల్యాబ్‌లో, జాలరి కూతురైన ఒక దీదీ దగ్గర పని నేర్చుకున్నాను.

మేము రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్‌లో వైరస్ పైతొడుగులు పెంచేవాళ్లం. లోపల జబ్బు చేసేదేదీ ఉండదు, టీకాకు పనికొస్తాయి. వాటిని శుద్ధి చేయడానికి గొట్టంలో చిక్కని చక్కెర నీళ్లపై పలచనివి పొరలుగా పోయాలి. పోస్తున్నంతసేపూ దీదీ గొట్టం మీదికి వంగి, చెయ్యి కదలకుండా, సముద్రంలో మునిగే మనిషిలా బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టేది. నాకది నామోషీగా తోచేది. నా పొరలు రెండుసార్లు కలిసిపోయాయి. మూడోసారీ చెడితే ల్యాబ్ పెద్దలు నన్ను ఆఫీసులో గుమాస్తాగా వేస్తామన్నారు.

“దొరగారూ, నడుం వంగితే పరువు పోదులే. బుగ్గలు పూరించు, సాఁస్ రోక్, ఊపిరి బిగబట్టు!” అంది దీదీ.

పూరించాను. ఈసారి పొరలు కలవలేదు. పైన ఈస్ట్ నుంచి తీసిన మా సరుకు పోసి, యంత్రంలో తిప్పి తీస్తే, గొట్టం నడుమ తెల్లటి గీత! తొడుగులన్నీ అక్కడే చేరాయి.

“ఆ గయా రే, వచ్చేసింది! దొరగారికీ బుగ్గలున్నాయి!” అని దీదీ గంతులేసింది. “మిఠాయి నేను తెప్పిస్తా, ఆగు.”

“మా ఇంట్లో ఒకరికి పెట్టడమే అలవాటు, ఒకరిది తినడం కాదు దీదీ” అన్నాను.

ఆ సాయంత్రం, చేతిలో డబ్బు లేక, ఇంట్లో మిగిలిన తాత వెండి పళ్లెం అమ్మి ల్యాబంతటికీ జిలేబీ పంచాను.